తార్నాకలో ఆముదం: పాలిమర్ మిశ్రమాల చరిత్రలో ఒక పాయ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో, తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) 1944లో హైదరాబాద్ రాజ్యపు పరిశోధనశాలగా ఆరంభమైంది. 1956లో సీఎస్‌ఐఆర్‌లో చేరి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. 1989లో నేటి పేరు పొందింది. నూనెలు, బొగ్గు, ఉపరితల పూతలు దాని పాత కార్యరంగాలు. పాలిమర్ మిశ్రమాల చరిత్రను సిద్ధాంత పత్రాల వరుసగా మాత్రమే చూసేవారికి ఈ పరిశోధనశాల కనబడదు. అది సరైన చూపు కాదు.

సిద్ధాంతం వేరే దారిన వచ్చింది. 1941–42లో ఫ్లోరీ, హగ్గిన్స్ విడివిడిగా పాలిమర్ ద్రావణాల ఉష్ణగతికాన్ని రూపొందించారు. రెండు పాలిమర్లు, ఒక ద్రావణి గల వ్యవస్థకు 1949లో స్కాట్ దానిని విస్తరించాడు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ కలయిక వల్ల లభించే ఎంట్రోపీ క్షీణిస్తుంది. చెరొక వెయ్యి ఖండాలున్న రెండు గొలుసులు సమపాళ్లలో కలిసి నిలవాలంటే వాటి వైముఖ్యాన్ని కొలిచే పరామితి 0.002 మించరాదు. అందుచేత విడిపోవడమే సాధారణం, కలవడం అపవాదం. ఒకే ద్రావణిలో రెండు రెజిన్లు కలిపినప్పుడు పూత మసకబారడం రంగుల తయారీదారుకు ఏ సమీకరణమూ లేకుండానే తెలుసు!

విడిపోయిన ప్రావస్థల నడుమ అంతరతలం పదునైన గీత కాదని 1971–72లో హెల్ఫాండ్, టగామి చూపారు. అది కొద్ది నానోమీటర్ల మందం గల పొర. వైముఖ్యం పెరిగితే అది పలచబడుతుంది, గొలుసుల పెనవేత తగ్గుతుంది, పదార్థం అక్కడే చీలుతుంది.

ఇక్కడే ఆముదం ప్రవేశిస్తుంది. పాలమూరు, నల్లగొండ మెట్టపొలాల పంట అది. దాని కొవ్వు ఆమ్లాలలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఆ ఆమ్లపు హైడ్రాక్సిల్ సమూహం ఐసోసయనేట్‌తో చర్య జరిపి పాలీయురేథేన్ నిస్తుంది. ఆ వల అల్లుకుంటుండగానే దానిలో రెండవ పాలిమర్‌ను పెరగనిస్తే, ప్రావస్థలు పూర్తిగా విడిపోకముందే బంధాలు వాటిని నిలువరిస్తాయి. ఉష్ణగతికం నిరాకరించిన కలయికను వేగం కొంతమేర సాధించిందన్నమాట.

2013లో ఐఐసీటీ పరిశోధకులు మరో మెట్టు ఎక్కారు. ఆముదానికి ఆల్కాక్సీసిలేన్ సమూహాలు జతచేసి పాలీయురేథేన్–సిలికా సంకర పూతలను ప్రచురించారు. సేంద్రియ, నిరింద్రియ భాగాలను అక్కడ పట్టి ఉంచేది పెనవేత కాదు, అంతరతలాన్ని దాటే రసాయన బంధం.