మదనపల్లెకు విశ్రాంతి ఎలా వచ్చింది?

కడప ఎండ ఎట్లాంటిదో ఆ జిల్లాలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి బండలు కాగిపోతాయి, గాలి సెగలు కక్కుతుంది. ఆ ఎండ తట్టుకోలేకనే కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ 1870 ప్రాంతంలో మదనపల్లెకు దగ్గరున్న ఒక కొండ మీద వేసవి విడిది కట్టించుకున్నాడు. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు, చుట్టూ అడవి. మద్రాసు ప్రభుత్వం వేసవి వస్తే ఊటీకి తరలిపోవడం ఆనవాయితీగా మారుతున్న రోజులవి. పెద్ద దొరలకు ఊటీ ఉన్నట్టే కలెక్టరు దొరకు ఈ కొండ.

అయితే హార్స్లీ రాకముందే ఆ కొండకు పేరుంది, దేవత ఉంది. ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. మల్లమ్మ అనే ఆమె ఆ కొండ మీద ఉండేదనీ, ఏనుగులే ఆమెను సాకాయనీ, కొండజనానికి జబ్బు చేస్తే ఆమె నయం చేసేదనీ, ఒకనాడు ఉన్నట్టుండి కనిపించకుండా పోయిందనీ కథ. జనం ఆమెకు గుడి కట్టారు. జబ్బు నయం చేసే కొండ అన్న నమ్మకం స్థానికులకు మల్లమ్మ ద్వారా వచ్చిందన్నమాట. దొరకు వచ్చింది థర్మామీటరు ద్వారా. పటాల్లో మాత్రం దొర పేరే నిలిచింది, హార్స్లీహిల్స్ అని.

విడిది అంటే ఊరికే అమరదు. అప్పటికి కార్లు లేవు. దొర మంచం, వంటసామాను, కచేరీ కాగితాల పెట్టెలు అంత ఎత్తుకు ఎవరి నెత్తిమీద ఎక్కాయో ఊహించడానికి పెద్ద చరిత్రజ్ఞానం అక్కర్లేదు. ఒకరి విశ్రాంతి వెనక పదిమంది చెమట ఉండటం ఈ ప్రాంతపు కథలో ఇదే మొదలు. ఆ కొండ మీద గాలిబండ అని ఒక పెద్ద రాతి చరియ ఉంది. దాని మీద నిలబడితే మాట పక్కవాడికి కూడా వినిపించనంతగా గాలి కొడుతుంది. కింద మైదానంలో ఆకు కదలని రోజున కూడా పైన పైట నిలవదు. ఆ తేడా కోసమే హార్స్లీ పైకి ఎక్కాడు. ఇప్పటివాళ్లు ఎక్కుతున్నదీ అందుకే.

కలెక్టర్లకు చల్లగాలి సౌఖ్యం. క్షయరోగులకు అది మందుల చీటీలో రాసిచ్చిన మందు. 1882లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు కానీ దాన్ని చంపే మందు ఆ తర్వాత అరవై ఏళ్లదాకా ఎవరి చేతికీ రాలేదు. ఆ మధ్యకాలంలో ప్రపంచమంతటా వైద్యులు నమ్ముకున్నది మూడింటిని: శుభ్రమైన గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం. మన దేశంలో ఈ పద్ధతి శానిటోరియంలు రాజస్థాన్‌లోని తిలోనియాలో 1906లో, ఆ తర్వాత ఆల్మోరాలో వెలిశాయి. దక్షిణాదిలో ఆ చోటు మదనపల్లెకు దక్కింది. ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది. మరీ చలి లేదు, మరీ వాన లేదు, గాలిలో తేమ తక్కువ.

మదనపల్లెలో పనిచేస్తున్న అమెరికన్ మిషన్ డాక్టరు లూయిసా హార్ట్ క్షయరోగులను విడిగా ఉంచి చూడటం మొదలుపెట్టింది. తర్వాత దక్షిణ భారతంలోని అనేక మిషన్లు చేయి కలిపి ఊరి బయట పెద్ద శానిటోరియం కట్టాయి. 1915లో అది తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్‌మోలర్ దానికి అధిపతిగా చాలా ఏళ్లు ఉన్నాడు. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. అసలు పేరు యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం. అంత పొడుగు ఎవరు పలుకుతారు? జనానికి అది ఆరోగ్యవరమే.

ఆ కాలపు శానిటోరియంలో రోగి దినచర్య చూస్తే ఇది సెలవు విడిది కాదని తేలిపోతుంది. గాలి ఆడే వరండాల్లో మంచాలు. జ్వరం ఉన్నన్నాళ్లు మంచం దిగకూడదు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ పుస్తకం చదవకూడదు, పక్కమంచం వాళ్లతో మాట్లాడకూడదు. ఊపిరి ఎంత తక్కువ వాడితే అంత మేలని లెక్క. జ్వరం తగ్గాక నాలుగడుగులు, తర్వాత కాస్త దూరం, అదీ డాక్టరు కొలిచి చెప్పినంతే. కొందరికి రొమ్ములోకి గాలి ఎక్కించి జబ్బుపడ్డ ఊపిరితిత్తిని నొక్కి కొన్నాళ్లు పని మాన్పించేవాళ్లు. మనిషికే కాదు, మనిషి లోపలి ఒక్క అవయవానికి కూడా సెలవిచ్చిన వైద్యం అది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు అలా గడపాలి. ఇంటిదగ్గర కూలి ఆగిపోతే తినేదెట్లా అన్న ప్రశ్నకు మాత్రం చల్లగాలి దగ్గర జవాబు లేదు. నిశ్శబ్దం ఖరీదైన మందు. తీరిక ఉన్నవాడికే పూర్తి మోతాదు దొరికేది.

ఆరోగ్యం కోసం కాకపోయినా అలసట తీర్చుకోవడానికి వచ్చిన వాళ్లలో అందరికన్నా పెద్దపేరు రవీంద్రనాథ్ టాగోర్‌ది. 1919 ఫిబ్రవరిలో, దక్షిణాది పర్యటన మధ్యలో, మిత్రుడు జేమ్స్ కజిన్స్ పిలుపు మీద మదనపల్లెకు వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. కజిన్స్ అప్పుడు అక్కడి థియసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్. అనీబిసెంట్ చొరవతో 1915లో ఏర్పడిన కాలేజీ అది, సరిగ్గా శానిటోరియం తెరుచుకున్న ఏడే. టాగోర్ అక్కడ విద్యార్థుల ముందు జనగణమన పాడాడు, ఫిబ్రవరి 28న దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి తన చేత్తో రాసిచ్చాడు. కజిన్స్ భార్య మార్గరెట్ దాని బాణీకి స్వరాలు రాసింది. విశ్రాంతికని వచ్చి పని చేసిపోయిన అతిథి ఆయన. ఫ్రిమాట్‌మోలర్ వార్డులో అయితే ఒప్పుకునేవాళ్లు కాదు.

ఆ ఊళ్లోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడ్డ రిషివ్యాలీ బడిది మూడో దారి. 1920ల నడుమ ఆ బడి కోసం భూమి వెతికినవాళ్లు మదనపల్లెకు కొద్దిదూరంలో కొండల మధ్య లోయలో, ఒక పెద్ద మర్రిచెట్టున్న చోట ఆగారు. అప్పటికి అది పచ్చని లోయ కాదు. కరువు సీమ, రాళ్లు, ముళ్లకంప. ఇప్పుడు కనిపించే నీడంతా దశాబ్దాల తరబడి నాటి, నీళ్లు పోసి, మేకల నుంచి కాపాడుకున్నది. చెట్లు వచ్చాక పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతం అయింది. బడిలో అస్తాచలం అని ఒక అలవాటుంది. సాయంత్రం పిల్లలు ఎత్తైన చోట కూర్చుని పొద్దుగుంకడాన్ని మాట లేకుండా చూస్తారు. శానిటోరియం పద్ధతిలో మౌనం రోగం చేసిన చట్టం, ఇక్కడ అది బడిగంట లాంటి మామూలు సంగతి.

ఆరోగ్యవరం నిశ్శబ్దానికి గండి పడింది మందుల వల్ల. 1944 తర్వాత స్ట్రెప్టోమైసిన్, దాని వెనకే మిగతా మందులు వచ్చాయి. మన దేశంలో క్షయను అడ్డుకునే బీసీజీ టీకాను 1948లో మొదట వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. క్రిస్టియన్ కొడుకు యోహానెస్ ఫ్రిమాట్‌మోలర్ చుట్టుపక్కల పల్లెల్లో ఆ టీకా మీద చాలాకాలం పరిశోధన చేశాడు. అంటే రోగిని కొండగాలికి రప్పించిన సంస్థే పల్లెకు వెళ్లి జబ్బును ఎదుర్కోవడం మొదలెట్టింది. అసలు దెబ్బ మాత్రం మద్రాసు నుంచి తగిలింది. 1956లో అక్కడ మొదలైన ప్రయోగంలో కొందరు రోగులను శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. శానిటోరియం వాళ్లకు తిండి మెరుగు, విశ్రాంతి ఎక్కువ. 1959లో ఫలితాలు బయటపడ్డాయి: ఇంటిదగ్గర ఉన్నవాళ్లకూ దాదాపు అంతే నయమైంది. యాభై ఏళ్లు మందుగా చెలామణి అయిన గాలి, ఆ రోజుతో ఒట్టి గాలి అయిపోయింది.

అది ఓటమి అనుకుంటే పొరపాటు. కూలి మానుకోలేని మనిషికి ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? ఆరోగ్యవరం తర్వాత అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా మారింది.

గాలి మాత్రం మళ్లీ పాత ఉద్యోగానికి, అంటే సౌఖ్యానికి, తిరిగొచ్చింది. హార్స్లీహిల్స్ మీద ఇప్పుడు పర్యాటక శాఖ గదులున్నాయి, ఘాట్ రోడ్డు ఉంది, శని ఆదివారాల్లో బెంగళూరు కార్లున్నాయి. జనం రద్దీ, మైకుల హోరు, మెరిసే లైట్లు తట్టుకోలేని పిల్లలున్న కుటుంబాలు ఇలాంటి కొండలకు మంగళవారమో బుధవారమో చూసుకుని వెళ్తాయి. విశ్రాంతి వేళ మాట్లాడకూడదన్న పాత నియమం లేనిచోట క్యాలెండరే ఆ కాపలా పని చేయాలి. కొండ కింద ఊరి సంగతి వేరు. మదనపల్లె పేరు చెబితే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేది శానిటోరియం కాదు, టమాటా మార్కెట్. సీజన్‌లో మండీల దగ్గర బాక్సులు దొంతరలుగా లేస్తాయి, వేలం కేకలు మొదలవుతాయి, లారీలు హారన్లు కొడుతూ దారి అడుగుతాయి. కొండకు వెళ్లాలన్నా రిషివ్యాలీకి వెళ్లాలన్నా చాలామంది ఆ ఊరి మీదుగానే పోవాలి.