మూడో మనిషి ఎవరు? - కారు ఇన్సూరెన్సు వెనక కథ

మనలో చాలామంది కారు ఇన్సూరెన్సు రెన్యువల్ ఎలా చేస్తామో అందరికీ తెలిసిందే. ఆఫీసులో బిల్డ్ అయ్యేలోపు సైటు ఓపెన్ చేసి, థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్, కాంప్రహెన్సివ్, జీరో డెప్ అని నాలుగు పేర్లు చూసి, అంకె ఎక్కడ తక్కువుంటే అక్కడ నొక్కేస్తాం. ఆ పేర్లేమో ఒకేసారి కూర్చుని డిజైన్ చేసినవి కావు. పాత లెగసీ కోడ్ లాగా ఒక్కో ప్యాచ్ వెనక ఒక్కో గొడవ ఉంది. ఆ గొడవ తెలిస్తే ఏది కొనాలో ఎవర్నీ అడక్కర్లేదు.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు (కాకినాడ వైపు ఇంకోటుంది, అది కాదు). మా వైపు ఇన్సూరెన్సులో రెండే రకాలు. ఒకటి "ఫుల్ ఇన్సూరెన్సు", రెండోది "థర్డ్ పార్టీ". రెండోదాన్ని పోలీసులకి చూపించే కాగితం కిందే లెక్కేస్తారు. నిజానికి చరిత్రలో మొదట తప్పనిసరి అయ్యిందీ, మనిషి ప్రాణానికి సంబంధించిందీ ఆ కాగితమే.

బ్రిటన్‌లో 1930లో రోడ్ ట్రాఫిక్ చట్టం వచ్చింది. అప్పటికి రోడ్ల మీద కార్లు బాగా పెరిగాయి, చచ్చిపోయేవాళ్ళూ పెరిగారు. బాధితుడు కోర్టుకెళ్ళి గెలిచినా గుద్దినవాడి దగ్గర డబ్బుల్లేకపోతే ఆ డిక్రీ చిత్తుకాగితమే. అందుకని బండి రోడ్డెక్కాలంటే ఎదుటివాడికి జరిగే నష్టానికి ఇన్సూరెన్సు ఉండి తీరాలన్నారు. మనిల్లు కాలితే మనకి డబ్బులిచ్చే బీమా అంతకుముందే ఉంది. మనం కట్టిన ప్రీమియంతో ముక్కూమొహం తెలియనివాడికి డబ్బులివ్వడాన్ని తప్పనిసరి చెయ్యడం మాత్రం కొత్త సంగతి. పాలసీలో మొదటి పార్టీ బండి ఓనరు, రెండోది కంపెనీ. రోడ్డు పక్కన నడిచిపోయే ఆ మూడో మనిషే థర్డ్ పార్టీ.

ఇదే పద్ధతి మన దేశానికి 1939 మోటారు వాహనాల చట్టంతో వచ్చింది. ఈలోగా యుద్ధం వచ్చిపడింది. ఇన్సూరెన్సు తప్పనిసరి చేసే ఎనిమిదో అధ్యాయం 1946 జులై 1 నుంచి గానీ అమల్లోకి రాలేదు. అంటే స్వాతంత్ర్యం కన్నా ఏడాది పెద్దది అన్నమాట :)

చట్టమైతే వచ్చింది గానీ డబ్బులు చేతికి రావడం వేరే కథ. మొదట్లో నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళాలి, కోర్టు ఫీజు కట్టాలి. భర్త పోయిన కూలీ మనిషి ఆ ఫీజు ఎక్కణ్ణించి తెస్తుంది? 1956లో చట్టాన్ని సవరించి క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ళకి దారి వేశారు. ఆ తర్వాత కూడా డ్రైవరు తప్పుందని రుజువు చెయ్యాల్సిన భారం బాధితుడి మీదే. 1982లో "తప్పెవరిదైనా సరే" అనే పద్ధతి తెచ్చారు. మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500. 1988 చట్టంలో అవి 25,000, 12,000 అయ్యాయి. 1994లో 50,000, 25,000 చేశారు. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ తెలియకపోతే ఇచ్చే సొమ్ము కూడా 1982లో 5,000తో మొదలైంది. 2022 ఏప్రిల్ నుంచి అది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000.

ఇప్పుడు అసలు మెలిక. బండి కింద పడినవాడు మూడో మనిషే, అందులో అనుమానం లేదు. మరి బండి లోపల కూర్చున్నవాడు?

మన కార్లో స్నేహితుణ్ణి ఎక్కించుకుని గుంటూరు నుంచి హైదరాబాదు వెళ్తున్నాం అనుకోండి. ప్రమాదం జరిగి అతనికి ఏదన్నా అయితే థర్డ్ పార్టీ పాలసీ ఇస్తుందా? ఇవ్వదు. చట్టం తప్పనిసరి చేసిన పాలసీ ఉచితంగా ఎక్కినవాళ్ళకి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో, స్కూటర్ వెనక కూర్చున్న మనిషి కేసులో తేల్చింది. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా కూడా కంపెనీలు అదే వాదన కోర్టుల్లో వినిపిస్తుంటే, 2009 నవంబరులో ఐఆర్‌డీఏ సర్క్యులర్ ఇచ్చింది. ప్యాకేజీ పాలసీలో కార్లోవాళ్ళూ, బండి వెనక కూర్చున్నవాళ్ళూ కవర్ అవుతారని స్పష్టం చేసింది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఆక్ట్ పాలసీ వేరు, ప్యాకేజీ పాలసీ వేరు అని ఈ తేడాని ఖాయం చేసింది.

"ఫుల్ ఇన్సూరెన్సు అంటే నా బంపరుకి, నా డోరుకి" అనుకునేవాళ్ళు ఈ పేరా ఇంకోసారి చదవండి. బంపరు సంగతి తర్వాత. వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నల సంగతి ముందు. కారు పాతదైపోయింది కదా, థర్డ్ పార్టీ చాల్లే అనుకునేటప్పుడు మనం వదులుకునేది ఇది.

మా పల్లెల్లో ఇది ఇంకా పెద్ద ప్రశ్న. పత్తి తీతకీ, మిరపకాయ కోతకీ కూలీలు ట్రక్కు ట్రాక్టర్లలో, ఆటోల్లో పోతారు. ట్రాక్టరుకి చట్టం లెక్కలో ఒకటే సీటు, డ్రైవరుది. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకి కంపెనీ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1999లో ఒక తీర్పు ఇచ్చింది, 2002లో అది సరికాదని పెద్ద బెంచి కొట్టేసింది. 1994 నవంబరు సవరణ వల్ల సరుకు యజమానికి మాత్రం రక్షణ ఉంది. అంటే మిరపకాయ టిక్కీలు లారీకెత్తి, వాటితోపాటు గుంటూరు యార్డుకి వెళ్ళే రైతు కవర్ అవుతాడు. బండి ఓనరు దగ్గర పనిచేసే హమాలీకి కార్మికుల పరిహారం లెక్క ప్రకారం వస్తుంది. పక్కూరి చేలోకి కోతకి పోతూ ట్రక్కులో ఎక్కిన కూలీ మాత్రం ఆ పాలసీకి ఎవరూ కాదు. ఆటోలో పట్టేదానికన్నా ఎక్కువమంది ఉంటే పాలసీలో రాసినంతమంది వరకే కంపెనీ బాధ్యత అని 2007లో ఇంకో తీర్పు. కొన్ని కేసుల్లో కోర్టులు "ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకో" అంటాయి. అన్ని కేసుల్లో అనవు. ఈ ఒక్క ఖాళీ మాత్రం ఇన్నేళ్ళయినా సరిగ్గా పూడలేదని నా అభిప్రాయం.

సరే, ఇక మన బండి నష్టం సంగతికొద్దాం. 1973 జనవరి 1న 107 కంపెనీలని కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలు చేశారు. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. రేట్లన్నీ టారిఫ్ ప్రకారమే. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలొచ్చాయి, 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ రేట్లు ఎవరిష్టం వాళ్ళది అయ్యాయి. జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి తోకలన్నీ ఆ పోటీలో మొలిచినవే. థర్డ్ పార్టీ రేటు మాత్రం ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది. 2022 జూన్‌లో 1000 సీసీ లోపు కారుకి 2,094 రూపాయలుగా నోటిఫై చేశారు. కాబట్టి థర్డ్ పార్టీ ఏ కంపెనీలో కొన్నా ఒకటే ధర.

జీరో డెప్ ఎందుకంటే, మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు. నేటి కార్లకి బంపర్లన్నీ ప్లాస్టిక్కే, లెక్క మీరే వేసుకోండి.

ఇంజిన్ ప్రొటెక్ట్ సంగతి అర్థం కావాలంటే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిన రోజులు గుర్తు తెచ్చుకోండి. నిలబెట్టిన బళ్ళు నిలబెట్టినట్టే నీళ్ళలో ఉండిపోయాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్ళకి ఆ పాలసీలో ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే వరదలో మూడో మనిషి లేడు. ఓన్ డ్యామేజ్ ఉన్నవాళ్ళకి వరద కవర్ అవుతుంది. కానీ నీళ్ళు దిగాక తాళం తిప్పి స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీళ్ళు లాగి రాడ్లు వంగుతాయి. దాన్ని మామూలు పాలసీలో "తర్వాతి నష్టం" అని తోసిపుచ్చే వీలుంది. మునిగిన బండిని స్టార్ట్ చెయ్యకుండా లాక్కెళ్ళడమే మందు.

ఇంకో రెండు తేదీలు. సుప్రీంకోర్టు చెప్పడంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకి 3 ఏళ్ళు, కొత్త బైకుకి 5 ఏళ్ళు థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. ఓనరు కం డ్రైవరుకి ప్రమాద బీమాని అదే ఏడాది 15 లక్షలకి పెంచారు. అంతకుముందు కారుకి 2 లక్షలు, బైకుకి లక్ష ఉండేది. అంటే మూడో మనిషితో మొదలైన చట్టం, 70 ఏళ్ళు దాటాక స్టీరింగ్ పట్టుకున్న మొదటి మనిషి ప్రాణానికి ఒక లెక్కగల విలువ కట్టింది.

అందుకని ఈసారి రెన్యువల్ చేసేటప్పుడు ప్రీమియం అంకె చూసే ముందు మీ కార్లో మామూలుగా ఎవరెవరు ఎక్కుతారో లెక్కపెట్టండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ట్రాక్టరుందా, దాని ట్రక్కులో ఎవరెక్కుతున్నారు, పాలసీ ఏముందో కూడా ఒక మాట అడగండి. ఆ కాగితం బీరువాలో ఎక్కడో ఉంటుంది. తీసి చదివిపెట్టండి.