గొబ్బెమ్మ వెళ్ళిన దారి

ధనుర్మాసపు వేకువలో వాకిట కళ్ళాపి చల్లి, ముగ్గు తీర్చి, నడుమ గుమ్మడిపూవు తురిమిన గొబ్బెమ్మను నిలపడం తెలుగునాట తరతరాల వాడుక. ముగ్గు వాడిన పిమ్మట ఆ గొబ్బెమ్మ ఏమవుతుందని నేటి పిల్లలను అడిగితే తెల్లబోతారు. పిల్లలదేముంది, పెద్దలమే మరచిపోయాము.

మిత్రులారా, గొబ్బెమ్మను పారవేసేవారు కారు. పిడకగా చరిచి గోడకు కొట్టేవారు. ఎండిన పిడకలను రథసప్తమి వరకు భద్రపరచేవారు. మాఘ శుద్ధ సప్తమినాడు తులసికోట యెదుట, ఆ పిడకల సెగపైనే పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకులలో సూర్యభగవానునికి నివేదించేవారు. రథం కూడా చిక్కుడుకాయలతో కట్టినదే. మిగిలిన బూడిద అంట్లు తోమడానికీ, పాదులకూ పోయేది. ముగ్గులోని బియ్యపుపిండి చీమలది. చూరున వ్రేలాడే వరికంకుల కుచ్చు పిచ్చుకలది. పండుగలోని ప్రతి వస్తువుకూ పండుగ తరువాత పోవలసిన చోటు ఒకటి ఉండేది.

ఈ గొలుసు ఎక్కడ తెగింది? భోగిమంటను చూస్తే తెలుస్తుంది. "పాతవి మంటలో వేయవలె" అన్నది పెద్దల మాట. వారి ఇళ్ళలో పాతవంటే విరిగిన కర్రసామాను, తాటాకులు, చివికిన చాపలు, కొబ్బరిమట్టలు. అన్నీ మట్టిలో పుట్టి మట్టిలో కలిసేవే. మాట మారలేదు గాని, 'పాతవి' మారిపోయాయి. నేడు అటకమీది పాతసామాను ప్లాస్టిక్కు. వీధిలోని పాతసామాను టైరు. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు కాలితే వచ్చేది ఘాటైన విషవాయువూ, నల్లని మసీను. పసిపిల్లలకు భోగిపిడకల దండ చేతికిచ్చి ఆ పొగ దగ్గర నిలబెడుతున్నాము.

ఇదంతా ఆచారమని వాదించేవారు కలరు. చరిత్ర అలా చెప్పదు. డన్‌లప్ గాలిటైరును రూపొందించినది 1888లో. ముగ్గులలో నింపే కృత్రిమ వర్ణాల కథ 1856లో పెర్కిన్ చేసిన ఊదారంగుతో మొదలైంది. గాలిపటానికి కట్టే నైలాను దారం అంతకంటె కొత్తది. పక్షుల రెక్కలను కోసే ఆ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ఇక పండుగ తేదీయే నిలకడ గలది కాదు. సుమారు 1700 ఏళ్ళ క్రితం మకర సంక్రమణమూ, సూర్యుడు ఉత్తరానికి మరలడమూ కలిసివచ్చేవి. అయనచలనం వలన దాదాపు 72 ఏళ్ళకొక రోజు చొప్పున ఎడం పెరిగింది. వివేకానందస్వామి పుట్టిన 1863 నాటి సంక్రాంతి జనవరి 12న వచ్చింది. మనకిప్పుడు 14, 15 తేదీలలో వస్తున్నది. తేదీ జరిగినా పండుగ చెడలేదు. చెడినది వస్తువు మట్టికి తిరిగిపోయే దారి.

ఈ మాటలనే అర్హత నాకెంతో చెప్పలేను. బాల్యంలో పొరుగువారి నిచ్చెనను మంటపాలు చేసిన దొంగలలో నేనొకణ్ణి. ఉపాధ్యాయుణ్ణయ్యాక, నా విద్యార్థులే భోగినాడు టైరు దొర్లించుకొని వస్తుంటే, పండుగపూట ఏమందునని తలుపు వేసుకొన్నాను. నిచ్చెన బూడిదయింది; దాని గురించి విచారం లేదు. ఆనాటి మౌనమే ఇంకా గొంతులో మసిలా ఉన్నది.

అందుకే ఈ ఏడు మా వాకిట ఒక్క గొబ్బెమ్మనైనా పిడక చేసి రథసప్తమికి దాచదలిచాను. మంటలో వేసే ప్రతి వస్తువునూ చేతబట్టి, ఇది కాలినాక ఎక్కడికి పోతుందని మీరూ ఒక్కసారి అడగండి. జవాబు దొరికితేనే వేయండి.

స్వస్తి.