కొట్టు మెట్లెక్కని క్రిస్మస్

డిసెంబరు దగ్గరపడితే గుంటూరు నుంచి ఫోన్లో మావాళ్లు తప్పకుండా అడుగుతారు: "మీ దగ్గర షాపులన్నీ మూతపడుతున్నాయంట గదా, క్రిస్మస్‌కి కూడా అందరూ ఆన్‌లైన్లోనే కొంటున్నారంట గదా?" అని. మూతపడుతున్న మాట నిజమే. కానీ పార్సిలు తెప్పించుకుని పండగ చేసుకోవడం ఈ దేశానికి అమెజాన్ నేర్పిన విద్య కాదు. నేనుంటున్న చికాగోలో అది మొదలై నూట యాభై ఏళ్లు దాటింది. కొట్టుకీ పార్సిలుకీ మధ్య తగవు కూడా అప్పటిదే. ఆ తగవులో ఎవరు ఎటు నిలబడ్డారో తెలుసుకున్నాక, "ఆ రోజుల్లో షాపుకెళ్లి కొనుక్కుంటే ఆ ఆనందమే వేరు" అనే మాట ఎవరైనా అంటే, ఎవరి ఆనందం అని అడగాలనిపిస్తుంది.

ఏరన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆయన పల్లెలు తిరిగి సరుకు అమ్మే ఏజెంటు. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టు మీదే రైతులు ఆధారపడటం, కొట్టాయన చెప్పిందే ధర కావడం, అరువు పద్దు ఏటికేడు పెరగడం ఆయన దగ్గరుండి చూశాడు. పట్నంలో టోకున కొని, మధ్యవాళ్లు లేకుండా రైలు మీద నేరుగా రైతుకే పంపాలనుకున్నాడు. 1871 అక్టోబరులో చికాగోను బూడిద చేసిన అగ్నిప్రమాదంలో ఆయన కూడబెట్టిన సరుకంతా పోయింది. అయినా మరుసటి ఏడాదే ధరల జాబితా అచ్చేశాడు. ఒకటే కాగితం, 163 వస్తువులు. గ్రేంజ్ అనే రైతుల సంఘం ఆయన్ని నమ్మి అండగా నిలిచింది. 1875 నుంచి, సరుకు నచ్చకపోతే డబ్బు వాపసిస్తానని రాతపూర్వకంగా చెప్పాడు. మొహం కూడా చూడని వర్తకుడికి ముందుగా డబ్బు పంపాలంటే జనానికి ఆ మాత్రం భరోసా కావాలి. ఇవాళ మనం వస్తువు నచ్చలేదని ఫోన్లో ఒక్క మీట నొక్కి వెనక్కి పంపేస్తున్నామంటే, ఆ హక్కు వేళ్లు అలాంటి మాటల్లోనే ఉన్నాయి.

ఆయన వెనకాలే రిచర్డ్ సియర్స్ వచ్చాడు. మిన్నెసోటాలో ఓ చిన్న రైల్వే స్టేషన్లో ఏజెంటుగా ఉంటూ, 1886లో అక్కడి నగల వర్తకుడు వద్దన్న గడియారాలను తాను తీసుకుని అమ్మడంతో ఆయన వ్యాపారం మొదలైంది. కొన్నేళ్లకు చికాగో చేరి సియర్స్ రోబక్ కంపెనీ అయింది. కుట్టు మిషన్లు, నాగళ్లు, వయొలిన్లు, బొమ్మలు, చివరికి కొయ్యా మేకులతో సహా కట్టుకునే ఇళ్లు కూడా కేటలాగులో పెట్టి అమ్మిన కంపెనీ అది. 1933లో క్రిస్మస్ కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం వేసింది. ఈ దేశంలో ఇప్పుడు ముసలివాళ్లయినవాళ్లు దాని గురించి చెప్పేటప్పుడు కళ్లు వెలుగుతాయి. పిల్లలు బోర్లా పడుకుని పెన్సిలుతో బొమ్మల చుట్టూ సున్నాలు చుట్టేవాళ్లు. ఆ సున్నాల్లో ఏదో ఒకటి క్రిస్మస్ పొద్దున చెట్టు కింద ఉండేది.

అయితే పార్సిలు గెలవడానికి ఈ ఇద్దరు వర్తకుల తెలివి ఒక్కటే చాలలేదు. పోస్టాఫీసు కావలసి వచ్చింది. 1896 దాకా పల్లెల్లో ఉత్తరం ఇంటికి వచ్చేది కాదు; ఊరికి వెళ్లి తెచ్చుకోవాలి. ఆ పోస్టాఫీసు చాలాచోట్ల కొట్లోనే ఒక మూల ఉండేది. ఆ ఏడు వెస్ట్ వర్జీనియాలో ఇంటింటికీ బట్వాడా ప్రయోగంగా మొదలై, 1902కల్లా స్థిరపడింది. తర్వాత పార్సిళ్ల మీద పెద్ద యుద్ధమే నడిచింది. పోస్టులో నాలుగు పౌండ్లకు మించి పంపడానికి వీల్లేదు. అంతకన్నా బరువైనది ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీలు అడిగినంత ఇచ్చి పంపించుకోవాలి. పరిమితి పెంచొద్దని ఆ కంపెనీలూ, మా కొట్లు మూతపడతాయని ఊళ్ల వర్తకులూ ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. చివరికి 1913 జనవరి 1న ప్రభుత్వ పార్సిల్ పోస్టు మొదలైంది. మొదటి అయిదు రోజుల్లోనే నలభై లక్షలకు పైగా పార్సిళ్లు కదిలాయి. ఒక్క ఏడాదిలో సియర్స్ ఆర్డర్లు అయిదింతలయ్యాయి. మన పాత పత్రికల వెనక పేజీల్లో "వి.పి.పి. ద్వారా పంపబడును" అని మందులకూ పుస్తకాలకూ వేసిన ప్రకటనలు చూసినవాళ్లకు ఈ కథ కొత్తగా ఉండదు. 

ఇంతవరకూ పుస్తకాల్లో దొరికే చరిత్రే. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ చెప్పిన సంగతితో అదంతా నాకు వేరే రకంగా అర్థమైంది. ఆమెకు ఎనభై దాటాయి. నల్లజాతి స్త్రీ. చిన్నతనంలో మిసిసిపీ నుంచి తల్లిదండ్రులతో చికాగో వచ్చారు. వాళ్ల అమ్మ పిల్లలకు బూట్లు కొనే పద్ధతి ఆమె నా కళ్లకు కట్టేలా చెప్పారు. గోధుమరంగు పొట్లాం కాగితాన్ని నేల మీద పరిచి, పిల్లను దాని మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించేదట. ఎందుకంటే ఊళ్లో చెప్పుల షాపువాడు నల్ల పిల్లల కాలికి బూటు తొడగనిచ్చేవాడు కాదు. ఆ కాగితం ముక్కనే బూటులో దూర్చి చూసి ఇచ్చేవాడు. ఇంటికొచ్చాక బిగుతైతే ఆ బిగుతుతోనే తిరగాలి, వాపసు లేదు. సియర్స్ కేటలాగు చేతికొచ్చాక అదే కాగితం కవరులో పెట్టి చికాగో పంపేవాళ్లు. వచ్చిన బూట్లు సరిపోకపోతే తిప్పి పంపితే డబ్బు వచ్చేది. తెల్లవాళ్లకు ఏ ధరో వీళ్లకూ అదే ధర, అచ్చులో ఉన్న ధర.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ రోజుల్లో చాలాచోట్ల నల్లజాతి కౌలు రైతుకు కొట్టాయనే భూస్వామి, లేకపోతే భూస్వామి మనిషి. అరువిచ్చేదీ, పంట తూచేదీ, లెక్క రాసేదీ ఆయనే. తెల్లవాళ్లందరికీ ఇచ్చాక గానీ వీళ్ల వంతు రాదు. ఏ గుడ్డ కొనాలో, ఎంత మంచిది కొనాలో కూడా ఆయన నిర్ణయించేవాడు. చికాగోలో కవరు విప్పే గుమాస్తాకి ఆ ఆర్డరు ఏ రంగు మనిషి రాసిందో తెలిసే దారి లేదు. పోస్టాఫీసు ఉన్న కొట్టుకే వెళ్లి ఉత్తరం వేయడానికి భయపడేవాళ్లకు దారి కూడా దొరికింది: ఉత్తరమూ డబ్బూ పోస్టుమ్యాన్ చేతికే ఇవ్వవచ్చని సియర్స్ వాళ్లు రాసేవాళ్లు. కొన్ని ఊళ్లలో వర్తకులు కేటలాగులను కుప్పబోసి తగలబెట్టించారు. సియర్స్ కూడా నల్లవాడేనని పుకారు లేపారు. కొట్టు బతకాలన్న బాధ వాళ్లకు ఉండొచ్చు, కాదనను. కానీ ఆ మంటల్లో వ్యాపారం పోతుందన్న భయం ఒక్కటే లేదు. పట్టు పోతుందన్న భయం కూడా ఉంది.

ఆ పెద్దావిడ చెబుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. మాది తెనాలి పక్క పల్లె, మావాళ్లు క్రైస్తవంలోకి వచ్చిన దళితులు. తాత కాలంలో మా ఊరి కిరాణా కొట్టు మెట్లు మావాళ్లు ఎక్కకూడదు. డబ్బులు అరుగు మీద పెట్టి దూరం జరగాలి. సరుకు పైనుంచి కండువాలో వేసేవాళ్లు. ముందొచ్చినా సరే, పెద్దింటి కుర్రాడెవరైనా వస్తే వాడికిచ్చాకే. ఊళ్లో గుడ్డ దొరుకుతున్నా క్రిస్మస్ బట్టలకు మాత్రం తాత పనిగట్టుకుని తెనాలి వెళ్లేవాడు. తెనాలి బట్టల కొట్లో గుమాస్తాకి ఆయనెవరో తెలియదు. పరుపు మీద కూచుని, తానుల మీద తానులు తీయించి, చేత్తో తడిమి, బేరమాడి కొనేవాడు. ఆ ఒక్క పూట కోసం ఆయన ఏడాదంతా ఎదురుచూసేవాడని మా నాయనమ్మ చెప్పేది. కాబట్టి మనల్ని ఎరగని అమ్మకందారు అంటే కొందరికి లోటు, కొందరికి ఊపిరి. ఆన్‌లైన్ కొనుగోలులో మనిషితో మాట లేదని బాధపడేవాళ్లతో నేను సగమే ఏకీభవించడానికి కారణం ఇదే.

మిగతా సగం ఏమిటంటే, చికాగో స్టేట్ స్ట్రీట్‌లో మార్షల్ ఫీల్డ్స్ లాంటి షాపు ఉండటం ఒక నగరానికి నిజమైన భాగ్యం. 1907లో ఏడో అంతస్తులో తెరిచిన వాల్‌నట్ రూమ్ అనే భోజనశాలలో క్రిస్మస్‌కి పెద్ద చెట్టు నిలబెడతారు. మూడు తరాలు ఒకే బల్ల దగ్గర కూచుని చికెన్ పై తినే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వీధి వైపు అద్దాల వెనక బొమ్మల కథలు అలంకరిస్తే, చలిలో పిల్లల్ని భుజాల మీదెక్కించుకుని జనం బారులు తీరతారు. కొననివాడికి కూడా అందులో వాటా ఉంది. 2006లో ఆ పేరు తీసేసి మేసీస్ అని పెట్టినప్పుడు ఊరివాళ్లు వీధిలోకొచ్చి నిరసన తెలిపారు. ఒక షాపు పేరు కోసం జనం అంత బాధపడటం నాకు అర్థమైంది. అదే షాపు ఇరవయ్యో శతాబ్దం దాదాపు సగం గడిచేదాకా అమ్మకాల కౌంటరు వెనక నల్లజాతి అమ్మాయిల్ని నిలబెట్టలేదన్నది కూడా ఆ ఊరి చరిత్రే.

అసలు ఈ పండగలో షాపులు పుట్టించినవి చాలానే ఉన్నాయి. ఎర్రముక్కు దుప్పి రూడాల్ఫ్ కథ మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీదే. షాపుకొచ్చిన పిల్లలకు ఉచితంగా పంచడానికి 1939లో రాబర్ట్ మే అనే ఉద్యోగి చేత రాయించారు. కథ రాస్తుండగానే ఆయన భార్య కేన్సర్‌తో పోయింది. ఆ ఏడు ఇరవై నాలుగు లక్షల ప్రతులు పంచారు. తర్వాత కంపెనీ హక్కులు ఆయనకే ఇచ్చేసింది. ఆ పని నాకు నచ్చింది. అదే 1939లో, కొనుగోళ్లకు వారం ఎక్కువ దొరుకుతుందని వర్తకులు అడిగితే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ థ్యాంక్స్‌గివింగ్ పండగనే వారం ముందుకు జరిపాడు. దాదాపు సగం రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 1941లో చట్టం చేసి నవంబరు నాలుగో గురువారం అని తేల్చారు.

నేను ఎక్కువగా ఆలోచించేది మాత్రం ఫ్లోరెన్స్ కెల్లీ గురించి. చికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో ఉండేది. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రానికి తొలి చీఫ్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్. తర్వాత జాతీయ వినియోగదారుల సంఘం నడిపింది. క్రిస్మస్ ముందు షాపుల్లో పనిచేసే అమ్మాయిలు రాత్రి పొద్దుపోయేదాకా నిలబడే ఉండటం, సరుకు మోసే పసిపిల్లలు నడిరాత్రి ఇళ్లకు చేరడం చూసి, 1903లో ఆ పండగ తీరును ఘాటుగా విమర్శిస్తూ వ్యాసం రాసింది. ముందుగా కొనండి, చివరి వారం దాకా ఆగకండి అని ఆమె సంఘం ఊరూరా ప్రచారం చేసింది. ఇవాళ షాపులు వాడే "ముందే కొనండి" అనే మాట వెనక ఆ అమ్మాయిల కాళ్ల నొప్పులున్నాయి.

పార్సిలు పద్ధతి ఆ నొప్పిని తీసేయలేదు, కంటికి కనపడకుండా చేసింది. సియర్స్ వాళ్లు 1906లో చికాగో పడమర వైపు కట్టిన పెద్ద గిడ్డంగిలో ఒక్కో ఆర్డరులోని వస్తువులన్నీ ఒకచోటికి చేరడానికి పావుగంట గడువు. నది ఒడ్డున ఉన్న మాంట్‌గోమరీ వార్డ్ భవనంలో గుమాస్తాలు చక్రాల బూట్లు వేసుకుని పరుగులు తీసేవాళ్లు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. దాని ముందు నడుస్తుంటే, బార్‌కోడ్ యంత్రం చేత పట్టుకుని సెకన్లు లెక్కపెట్టుకుంటూ సరుకు ఏరే ఇప్పటి పిల్లలే గుర్తొస్తారు. 2021 డిసెంబరు 10 రాత్రి, క్రిస్మస్ రద్దీ నడుస్తున్న రోజుల్లో, మా ఇల్లినాయ్‌లోనే ఎడ్వర్డ్స్‌విల్‌లో ఉన్న అమెజాన్ డెలివరీ కేంద్రం మీద టోర్నడో పడింది. ఆరుగురు చనిపోయారు. వాళ్లు ఎవరి కానుకలు సర్దుతున్నారో ఎవరికీ తెలియదు.

పన్ను సంగతి కూడా చెప్పాలి. షాపులకు అన్యాయం జరిగిన చోటు అదే. ఒక రాష్ట్రంలో దుకాణమో గిడ్డంగో లేని పార్సిలు వ్యాపారి ఆ రాష్ట్రపు అమ్మకం పన్ను వసూలు చేయనక్కర్లేదని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిందీ మా ఇల్లినాయే, ఓడిందీ మా ఇల్లినాయే. 1992లో మళ్లీ అదే తీర్పు. ఊళ్లో షాపువాడు పన్ను కలిపి అమ్మాలి; దూరాన ఉన్నవాడు కలపనక్కర్లేదు. 2018లో గానీ ఆ తీర్పు మారలేదు. అప్పటికే ఎన్నో ఊళ్లలో మెయిన్ స్ట్రీట్ షాపుల తలుపులకు చెక్కలు కొట్టేశారు. ఆ ఏడు అక్టోబరులోనే సియర్స్ దివాలా తీసింది. తన పెద్ద కేటలాగును ఆ కంపెనీ 1993లో ఆపేసింది. మరుసటి ఏడాది అమెజాన్ పుట్టింది. చిరునామాలు, గిడ్డంగులు, వందేళ్ల నమ్మకం చేతిలో ఉండి కూడా సియర్స్ ఆ వ్యాపారాన్ని వదులుకుంది.

మా చెల్లి వరసయ్యే అమ్మాయి హైదరాబాదు శివార్లలో ఒక గిడ్డంగిలో పార్సిళ్లు కడుతుంది. పోయిన ఏడు డిసెంబరు 24 రాత్రి ఆరాధనకు రాలేకపోయింది, సెలవివ్వలేదు. అందుకని మా ఇంట్లో కొన్ని పనులు మారాయి. తెప్పించుకోవలసినవి నవంబరులోనే తెప్పించుకుంటాం. రేపటికల్లా కావాలి అనే మీట నొక్కం. పుస్తకాలూ పిల్లల బొమ్మలూ మాత్రం మా పేటలో ఒక నల్లజాతి కుటుంబం నడిపే షాపులో కొంటాం. ధర కొంచెం ఎక్కువే. మా వీధి పెద్దావిడకు ఈసారి చలికి ఇంట్లో తొడుక్కునే బూట్లు ఇవ్వాలనుకున్నాను. సైజు అడిగితే ఆమె ఒప్పుకోలేదు. తనే వస్తానని, తొడుక్కుని చూసి ఎంచుకుంటానని అన్నారు. శనివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.