చైనీస్, సెర్బియన్ భాషలు: లిపి సంస్కరణల చరిత్ర

చైనీస్ సినో-టిబెటన్ కుటుంబానికి చెందిన భాష, సెర్బియన్ ఇండో-యూరోపియన్ కుటుంబంలోని దక్షిణ స్లావిక్ శాఖకు చెందినది. రెండింటికీ చుట్టరికం లేదు, పోలికా తక్కువే. సెర్బియన్ నామవాచకానికి ఏడు విభక్తులు, మూడు లింగాలు ఉన్నాయి. చైనీస్‌లో మాట రూపం మారదు, వాక్యంలో దాని స్థానమే అర్థాన్ని తేలుస్తుంది. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన కారణం ఒకటుంది. బెల్‌గ్రేడ్‌వాసి, జాగ్రెబ్‌వాసి ఎవరి భాషలో వారు మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి ఇట్టే తెలుస్తుంది; లెక్కకు మాత్రం అవి సెర్బియన్, క్రొయేషియన్ అనే రెండు భాషలు. గ్వాంగ్‌జౌ నగరపు కాంటొనీస్ పలుకు బీజింగ్‌వాసికి అర్థం కాదు; లెక్కకు మాత్రం ఇద్దరిదీ చైనీసే. ఇది చెవి వేసిన లెక్క కాదు. ఇందులో రాజకీయాల పాత్రను అందరూ ఒప్పుకుంటారు గానీ, లిపి పాత్రకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

చైనాలో క్రీ.పూ. 221లో రాజ్యాలను ఏకం చేసిన చిన్ చక్రవర్తి అక్షర రూపాలను కూడా ఏకం చేయించాడు. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన నిఘంటువులో 9,353 అక్షరాలుండగా, 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు నాటికి అవి 47 వేలు దాటాయి. ఈ పదహారు శతాబ్దాల్లో పలుకుబడి ప్రాంతానికో తీరున చీలిపోయినా, గ్రాంథిక రచన మాత్రం ఒక్కటిగానే నిలిచింది. సెర్బియన్ రాతకు 12వ శతాబ్దం చివరి మిరోస్లావ్ సువార్త ప్రసిద్ధమైన తొలి సాక్ష్యం. ఆ తర్వాతి ఒట్టోమన్ శతాబ్దాల్లో రాత ఎక్కువగా మఠాల్లోనే బతికింది. హాబ్స్‌బర్గ్ పాలనలోని సెర్బులకు 1726 నుంచి రష్యన్ ఉపాధ్యాయుల ద్వారా రష్యా చర్చి భాష అందింది. దాన్ని ప్రజల పలుకుతో కలిపి పండితులు రాసిన కలగాపులగపు గ్రాంథికం ఇంట్లో ఎవరూ మాట్లాడేది కాదు.

ఆ గ్రాంథికపు లిపిని మొదట గట్టిగా ప్రశ్నించినవాడు సెర్బ్ పండితుడు సావ మృకాల్. 1810లో బూడా నగరంలో అచ్చయిన చిన్న పుస్తకంలో ఆయన పలకని అక్షరాలను ఏరివేయాలన్నాడు. మాట చివర కూర్చుని చోటు తినడమే తప్ప పలకని ‘యెర్’ గుర్తు ఆయన ముఖ్య లక్ష్యం. మతాధికారుల ఆగ్రహానికి వెనక్కి తగ్గాడు. ఆయన వదిలిన పనిని అందుకున్న వుక్ కరాజిచ్ (1787–1864) తృషిచ్ గ్రామంలో పుట్టిన రైతుబిడ్డ. ఒట్టోమన్లపై సెర్బుల తిరుగుబాటు కూలిపోయాక 1813లో వియన్నా చేరి, స్లొవీన్ పండితుడు కోపితార్ ప్రోత్సాహంతో 1814లో వ్యాకరణం, 1818లో నిఘంటువు ప్రచురించాడు. 26,270 మాటలకు జర్మన్, లాటిన్ అర్థాలిచ్చిన ఆ నిఘంటువు ‘మాట్లాడినట్టే రాయాలి’ అన్న సూత్రానికి తొలి సంపూర్ణ నిదర్శనం. ఆ సూత్రం జర్మన్ పండితుడు అడెలుంగ్‌ది. ఆచరణలోని సాహసం వుక్‌ది. ధ్వనికి ఒక్క అక్షరమే ఉండాలని పాత అక్షరాలు చాలావాటిని తొలగించి, ‘య’ ధ్వనికి లాటిన్ లిపి నుంచి ఒక అక్షరం తెచ్చాడు. ఆర్థొడాక్స్ పీఠాధిపతులకు అందులో కాథలిక్కుల కుట్ర కనిపించింది. 1832లో సెర్బియా ప్రభువు మిలోష్ ఆ లిపిలో అచ్చును నిషేధించాడు. 1847లో వుక్ అనుచరుడు దానిచిచ్ వాదగ్రంథం, బ్రాంకో రాదిచెవిచ్ కవితలు, వుక్ సొంత కొత్త నిబంధన అనువాదం వెలువడ్డాక పండితలోకంలో గాలి మళ్లింది. 1852లో వుక్ నిఘంటువు రెండో ముద్రణ కూడా, కాంగ్‌షీ నిఘంటువులాగే, 47 వేలు దాటింది. చైనాలో అన్ని వేల అక్షరాలు, ఇక్కడ గుప్పెడు అక్షరాలతో అన్ని వేల మాటలు! సెర్బియా ఈ లిపిని పూర్తిగా ఆమోదించింది 1868లో, వుక్ పోయిన నాలుగేళ్లకు.

చైనాలో ఇదే వ్యావహారిక వాదాన్ని 1917లో హూ షీ లేవదీశాడు, 1918లో లూ షున్ కథ దానికి బలం ఇచ్చింది. అయితే వాక్యం వ్యావహారికమైనా అక్షరం పాతదే. అక్షరాన్నే వదిలేయాలన్న వాదాలకు కొదవ లేదు. 1931లో వ్లాదివోస్తోక్ సభ లాటిన్ లిపిని ఆమోదించింది కూడా. కానీ జన రిపబ్లిక్ 1956లో అక్షరాలను సరళం చేసింది, 1958లో జౌ యోగ్వాంగ్ తదితరుల పిన్‌యిన్‌ను ఆమోదించి ప్రధానంగా ఉచ్చారణ నేర్పడానికే వాడుకుంది. 1977లో ప్రకటించిన రెండో విడత సరళీకరణను 1986లో ఉపసంహరించుకుంది. పలికినట్టే రాసి ఉంటే షాంఘై, గ్వాంగ్‌జౌ తలో రాత పెట్టుకునేవి. పలుకును దాచే అక్షరం ఆ చీలికనూ దాచింది.

ఈ వాదానికి అభ్యంతరాలున్నాయి. వుక్ సూత్రం విడదీయలేదు, కలిపింది కదా అంటారు. నిజమే: 1850 నాటి వియన్నా ఒప్పందంలో సెర్బ్, క్రొయేషియన్ పండితులు ఒకే మాండలికాన్ని ప్రమాణంగా ఎంచుకున్నారు, 1954 నాటి నోవీసాద్ ఒప్పందం రెండు లిపులనూ సమానంగా గౌరవించింది. కానీ పలికినట్టు రాయడమంటే పాలను ఒకరు ‘మ్లేకో’ అని, ఇంకొకరు ‘మ్లియేకో’ అని రాయడమే. ఆ తేడా పేజీ మీద కనబడుతూనే ఉంది. 1991 తర్వాత యుగోస్లావియా విడిపోయినప్పుడు రాజకీయాలు చూపించడానికి గుర్తులు సిద్ధంగా ఉన్నాయి. చైనీస్ అక్షరం నిజంగా అందరిదీ కాదన్నది రెండో అభ్యంతరం. ఇది మరింత బలమైనది. కాంటొనీస్ పిల్లవాడు బడిలో రాసేది తన ఇంటి మాట కాదు, బీజింగ్ వ్యాకరణం. హాంకాంగ్‌లో వాడుక భాషకు ప్రత్యేకాక్షరాలు పుట్టాయంటే కారణం అదే. కనుక అక్షరం కలిపిందనడం కంటే కప్పిందనడమే సరి. వుక్ లిపి కూడా పలుకునంతా రాయదు. సెర్బియన్‌లో నాలుగు రకాల స్వరఘాతాలున్నాయి. ‘గ్రాద్’ అని దీర్ఘంగా పలికితే నగరం, ‘గ్రద్’ అని హ్రస్వంగా పలికితే వడగళ్లు. తెలుగు లిపి ఒక్క దీర్ఘంతో తేల్చే ఈ తేడాను సెర్బియన్ రాత చూపదు. బీజింగ్ పలుకులో మాట అర్థాన్ని మార్చే నాలుగు స్వరాలకూ గుర్తులు పెట్టే పిన్‌యిన్ ఈ ఒక్క విషయంలో దానికంటే నిక్కచ్చి.

స్వరభేదాల వల్ల, ఒకే ధ్వని గల మాటలు లెక్కకు మించి ఉండడం వల్ల చైనీస్‌కు వర్ణమాల పనికిరాదన్నది మూడో అభ్యంతరం. దీనికి జవాబు మధ్యాసియాలో ఉంది. 19వ శతాబ్దపు తిరుగుబాట్లు అణగారాక గాన్సు, షాన్‌షీ ప్రాంతాల నుంచి రష్యా సామ్రాజ్యంలోకి వలసవెళ్లిన ముస్లింల వారసులు డుంగన్లు. నేటి కిర్గిజ్‌స్థాన్, కజక్‌స్థాన్‌లలో ఉన్న వీరి పలుకు ఉత్తర చైనీస్ మాండలికమే. 1953 నుంచి దీన్ని సిరిలిక్ లిపిలో, స్వరాల గుర్తులు లేకుండానే రాస్తున్నారు. బీజింగ్ పలుకుకు కాంటొనీస్ కంటే ఇది ఎంతో దగ్గర. అయినా అంతర్జాతీయ భాషాసంకేతాల పట్టికలో కాంటొనీస్ చైనీస్ కిందే ఉంది. డుంగన్ వేరే భాష.