కష్టకాలంలో క్రైస్తవ విశ్వాసం: మెదక్–సంగారెడ్డి ప్రాంతం

మంజీరా పరీవాహకంలోని మెదక్, సంగారెడ్డి జిల్లాల క్రైస్తవ సంఘాలు కరువు, రోగాలు, కుల వివక్ష, పరిశ్రమల కాలుష్యం నడుమ విశ్వాసాన్ని నిలుపుకొన్న తీరు ఈ వ్యాస విషయం. 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయ్యే వరకు సంగారెడ్డి పాత మెదక్ జిల్లాకు కేంద్రంగా ఉండేది. కనుక రెండు చోట్ల సంఘ చరిత్ర ఒకటే. ఇక్కడి పాత ప్రొటెస్టెంట్ సంఘాల్లో పెక్కు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) మెదక్ అధ్యక్ష మండలానికి చెందినవి. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఆ తర్వాత విస్తరించాయి.

కరువు, మెదక్ చర్చి

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ పని 1880కి అటూఇటుగా మొదలైంది. ఆ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ (1870–1950) 19వ శతాబ్ది చివర్లో మెదక్ చేరారు. ఆయన ఆధ్వర్యంలో కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. పని 1914లో మొదలైందని ఎక్కువ రచనలు చెబుతాయి. చర్చి పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. గోపురం చార్మినార్‌ను మించకూడదని నిజాం ప్రభుత్వం అడ్డుచెప్పిందన్న కథ వాడుకలో ఉంది. దీన్ని జనశ్రుతిగా తీసుకోవడం మేలు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో పేదలకు పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టడానికే ఈ నిర్మాణం తలపెట్టారన్నది స్థానికంగా బలంగా నిలిచిన కథనం. దీనికి ఎదురుగా, జనం గంజి కోసమే మతం మారారన్న విమర్శ కూడా పాతదే. ఈ విమర్శలో కొంత నిజం ఉండవచ్చు. ఆకలిగొన్నవారి నిర్ణయాల్లో ఆకలికి చోటు లేదనలేం. అయితే గ్రామాల్లో, ముఖ్యంగా మాల, మాదిగ వాడల్లో, సంఘాలు కరువుకు ముందే ఏర్పడ్డాయి. కరువు తీరాక అవి చెదిరిపోలేదు. కాబట్టి తిండితో పాటు వైద్యం, చదువు, మనిషిగా గుర్తింపు కలిసి ఆ బంధాన్ని నిలిపాయన్న వివరణే ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది. ఇదే మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ (1932లో మరణం) నిజామాబాద్ సమీపంలోని డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి నడిపారు. ఇంటివాళ్లే వెలివేసిన రోగులకు అది ఆశ్రయమైంది.

గ్రామ విశ్వాస స్వరూపం

పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ కలిసి మెదక్ జిల్లా వడియారం పాస్టరేట్‌పై చేసిన అధ్యయనం (1968) ఈ విషయంలో అన్నిటికన్నా విలువైన ఆధారం. కష్టం వచ్చినప్పుడు ప్రార్థన చేసినవారిలోనే గ్రామదేవతల జాతరలను పూర్తిగా వదలనివారూ ఉన్నారని అది దాపరికం లేకుండా నమోదు చేసింది. చదువురాని కుటుంబాల్లో వాక్యం కన్నా కీర్తనలే విశ్వాసానికి ఆధారమయ్యాయని కూడా ఆ గ్రంథం బట్టి తెలుస్తుంది. ఈ కలగలుపును లోపంగా ఎంచిన మిషనరీ రచనలున్నాయి. కలరా, మశూచి కళ్లముందే పిల్లలను తీసుకుపోయిన ఊళ్లలో బతికినవారిని అంత కఠినంగా తూచడం న్యాయం కాదు.

కులం, చట్టం

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవంలో చేరిన షెడ్యూల్డు కులాలవారు తెలంగాణలో బి.సి.–సి వర్గంలో 1 శాతం రిజర్వేషన్ కిందకు వస్తారు. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. బాప్తిస్మాన్ని దాచకుండా బతికిన కుటుంబాలు తమ విశ్వాసానికి ఈ రూపంలో తరాలుగా మూల్యం చెల్లిస్తున్నాయి.

పారిశ్రామిక ప్రాంతం

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి ప్రాంతాల్లో 1970ల నుంచి రసాయన, మందుల పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థాలు మంజీరాలో కలిసే నక్కవాగును, దాని ఒడ్డు పొలాలను పాడుచేశాయి. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2007లో వెలువడిన ఒక పరిశోధన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేల్చింది. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు.

ఈ నష్టాలు అన్ని మతాలవారివీ. క్రైస్తవ కుటుంబాలు వీటిని ఎదుర్కొనే పద్ధతులు తెలుగు సంఘాలన్నిటికీ పరిచితమైనవే: ఉపవాస ప్రార్థనలు, గృహ కూడికలు, సాక్ష్యాలు, 40 రోజుల శ్రమల కాలం, కొత్త సంవత్సరపు వాగ్దాన వచనం. 2020లో కొవిడ్ లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్ 12 నాటి ఈస్టర్ ఆరాధన ఇళ్లకు, ఫోన్లకు పరిమితమైంది.

అంచనా

విశ్వాసం ఏకాంత మనోబలంగా మాత్రమే నిలిచిందని ఈ ప్రాంత చరిత్ర చూపదు. కరువులో పని, రోగంలో వైద్యం, మరణంలో ఇంటికొచ్చి కూర్చునే సంఘం ఉన్నచోట అది గట్టిపడింది. కూలి, ఆసుపత్రి, న్యాయం గురించి మాట్లాడని ఓదార్పు ఇక్కడ సగం ఓదార్పే. 2024లో శతాబ్ది జరుపుకొన్న మెదక్ చర్చిని ఈ దృష్టితో చూడాలి. తొలి తరం నేర్పిన ఆ పాఠం పటాన్‌చెరు కార్మిక వాడల్లోని సంఘాలకు నేటికీ వర్తిస్తుంది.