కోచ్ ఎవరన్నది రెండో ప్రశ్న

2025 జూలైలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జాతీయ పురుషుల జట్టుకు ప్రధాన కోచ్ కావాలని ప్రకటన ఇచ్చింది. 170 దరఖాస్తులు వచ్చాయి. స్పెయిన్ దిగ్గజం షావీ పేరిట వచ్చిన ఒక ఈ-మెయిల్ కూడా అందులో ఉందన్న వార్త అభిమానులను ఉర్రూతలూగించింది. అది నకిలీదని ఆ తర్వాత సమాఖ్యే తేల్చింది. నవ్వుకుని వదిలేయదగిన ముచ్చటే. అయితే ఒక దేశపు క్రీడా పాలన ఎంత అయోమయంలో ఉంటే అలాంటి వార్త నమ్మదగినదిగా కనిపిస్తుందో ఆలోచిస్తే ఆ నవ్వు నిలవదు.

వడపోత తర్వాత మిగిలినవారు ముగ్గురు. గతంలో రెండుసార్లు భారత జట్టును నడిపిన ఆంగ్లేయుడు స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియా జాతీయ జట్టు మాజీ కోచ్ స్టెఫాన్ తర్కోవిచ్, జంషెడ్‌పూర్ జట్టు కోచ్ ఖాలిద్ జమీల్. అభిమానులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. ఆధునిక ఫుట్‌బాల్ పుట్టి పెరిగిన గడ్డ నుంచి గురువును తెచ్చుకోకపోతే ఎదుగుదల లేదన్నది ఒక శిబిరం మాట. కుర్రాళ్ల భాష, ఆకలి, ఆట తెలిసిన స్వదేశీయుడే కావాలన్నది రెండో శిబిరం మాట. ఆగస్టు 1న సమాఖ్య ఖాలిద్ జమీల్‌ను ఎంపిక చేసింది. 2012లో సావియో మెదీరా తప్పుకున్న పదమూడేళ్లకు ఆ పదవి మళ్లీ ఒక భారతీయుడికి దక్కింది. రెండో శిబిరం గెలిచినట్టే కనిపించింది.

నిజానికి ఈ వాదనలో గెలుపోటములు లేవు, ఎందుకంటే ప్రశ్నే తప్పు. ఆ సంగతి గ్రహించడానికి ఫుట్‌బాల్ మైదానం నుంచి కాస్త పక్కకు జరిగి, పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకుని ఉన్న హిజ్లీ వైపు చూడాలి.

హావ్‌డా నుంచి మద్రాసు వైపు వెళ్లే రైలు మార్గంలో ఖరగ్‌పూర్ దాటగానే వచ్చే స్టేషన్ హిజ్లీ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి పట్టాలు, కార్ఖానాలు తెచ్చినప్పుడు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తెలుగువారు వేలాదిగా తరలివచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వారి తరతరాల ఉనికికి గుర్తింపుగానే 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించింది. అయితే దేశ చరిత్రలో హిజ్లీ పేరు మొదట నిలిచింది నెత్తుటి మరకతో. బ్రిటిష్ ప్రభుత్వం విప్లవకారులను విచారణ లేకుండా బంధించిన నిర్బంధ శిబిరం ఇక్కడే ఉండేది. 1931 సెప్టెంబర్ 16న కావలి పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులు మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూర్, సుభాష్ చంద్రబోస్ ఆ దారుణాన్ని తీవ్రంగా ఖండించారు.

స్వతంత్ర భారతం ఆ నిర్బంధ శిబిరం భవనంలోనే తన మొట్టమొదటి ఐఐటీని నెలకొల్పింది. 1951 ఆగస్టులో 224 మంది విద్యార్థులతో, 42 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యాయి. మొదటి డైరెక్టర్ జ్ఞానచంద్ర ఘోష్. తొలినాళ్లలో విదేశీ ఆచార్యులూ వచ్చి పాఠాలు చెప్పారు. గురువు స్వదేశీయుడా, విదేశీయుడా అన్నది అక్కడ పెద్ద తగవు కాలేదు. 1954లో ఘోష్ కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా వెళ్లిపోయారు. సంస్థ ఒక్కరోజు కూడా ఆగలేదు. 1956లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

హిజ్లీలో తరగతులు మొదలవడానికి కొన్ని నెలల ముందు, అదే 1951 మార్చిలో, ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. రెండు ఆరంభాలూ ఒకే ఏడాదివి, ఒకే నవజాత గణతంత్రానివి. ఒకటి నిలిచింది, రెండోది నిలవలేదు. ఎందుకన్నదే అభిమానులు వేయవలసిన మొదటి ప్రశ్న.

రహీం ఘనత పతకాల జాబితాతో ముగిసేది కాదు. 1940ల నుంచి ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకోవడం నిషిద్ధంగా పోటీలు పెట్టి కుర్రాళ్లకు పాస్ విలువ నేర్పారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. బడి మైదానం, స్థానిక లీగ్, పోలీసు కొలువు, జాతీయ జట్టు అన్నవి ఒకే నిచ్చెనకు మెట్లయ్యాయి. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిందంటే దాని వెనుక ఉన్నది ఆ నిచ్చెనే.

ఆయనకూ పరాభవాలు తప్పలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది భారత ఆటగాళ్లు బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఈనాటి కొలమానంతో చూస్తే ఆ మర్నాడే కోచ్ తల తెగిపడాలి. రహీంకు మాత్రం మళ్లీ అవకాశం దక్కింది. 1956 డిసెంబర్ 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన సరిగ్గా నెలకు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను ఆయన జట్టు 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ బిడ్డలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

స్వదేశీ, విదేశీ తగవు రహీం దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. 1953లో ఇంగ్లండ్‌ను వెంబ్లీలోనే 6-3తో మట్టికరిపించిన హంగేరీ ఆటను ఆయన శ్రద్ధగా అధ్యయనం చేశారు. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపే ఆ పద్ధతిని భారత జట్టుకు మలిచారు. మనిషి ఇక్కడివాడు, విద్య ఎక్కడిదైనా సరే. నేర్చుకునే గురువుకు సరిహద్దులు అడ్డు కాలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు దూరం పెట్టడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ ప్రశ్నించడంతో ఇండోనేసియాలో భారత్‌పై ఆగ్రహం పెల్లుబికింది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టు, సెప్టెంబర్ 4న ప్రేక్షకుల ఎగతాళి నడుమ అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించిన రహీం వ్యూహం ఫలించింది. మరో గోల్ చేసిన పీకే బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం భారత్‌కు మళ్లీ దక్కలేదు.

రహీం తర్వాత వచ్చినవాడు హ్యారీ రైట్ అనే ఆంగ్లేయుడు. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆయన శిక్షణలో భారత్ రెండో స్థానం సాధించింది. ఆ కప్ చరిత్రలో నేటికీ అదే భారత్ అత్యుత్తమ ఫలితం. దక్షిణ కొరియాపై 2-0తో గెలిచిన మ్యాచ్ రెండో నిమిషంలోనే తొలి గోల్ చేసినవాడు అప్పలరాజు. సింహాచలం అప్పన్న పలికే ఆ పేరు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరును నిలబెట్టుకున్న జట్టుకు ఆడిన మనిషిది. ఉత్తరాంధ్రను ఖరగ్‌పూర్‌కు కలిపిన అదే రైల్వే.

విదేశీ కోచ్ కావాలనేవారు రైట్‌ను సాక్ష్యంగా తెచ్చుకోవచ్చు, స్వదేశీ కోచ్ కావాలనేవారు రహీంను తెచ్చుకోవచ్చు. కానీ ఇద్దరి కాళ్ల కింద ఉన్నది ఒకే నేల. పోలీసు శాఖ, రైల్వే, సైన్యం ఆటగాడికి జీతం, ఇల్లు, భద్రత ఇచ్చిన రోజులవి. 1964-65లో సంతోష్ ట్రోఫీ రైల్వేస్‌ది, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌ది, ఆ పై ఏడాది మళ్లీ రైల్వేస్‌ది. తెలుగు నేలకు ఆ ట్రోఫీ రావడం అదే చివరిసారి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆయనే తర్వాతి దశాబ్దాల్లో జాతీయ జట్టు కోచ్‌గా వచ్చినప్పుడు పాత వైభవం తిరిగి రాలేదు. మనిషి మారలేదు, కింద నేల జారిపోయింది.

ఇక్కడ రహీం ఆరాధకులు కూడా ఒక చేదు నిజాన్ని ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో కార్యదర్శీ ఆయనే, కోచ్ ఆయనే, వెతికేదీ తీర్చిదిద్దేదీ ఆయనే. ఆ నిచ్చెన ఒక మనిషి భుజాల మీద నిలిచింది. ఆ మనిషి వెళ్లిపోగానే కూలడం మొదలైంది. హిజ్లీలో డైరెక్టర్ వెళ్లిపోయినా చట్టం, పద్ధతి, జీతభత్యాలు మిగిలాయి. ఫుట్‌బాల్‌లో రహీం వెళ్లిపోయాక జ్ఞాపకం మిగిలింది. 2024లో అజయ్ దేవగణ్ రహీంగా నటించిన ‘మైదాన్’ ఆ జ్ఞాపకాన్ని వెండితెర మీద పెట్టింది. జ్ఞాపకం మీద సినిమా తీయవచ్చు, జట్టును తయారు చేయలేం.

కట్టవలసిన సంస్థ రాజకీయ నాయకుల చేతుల్లో పడింది. 1937లో పుట్టిన సమాఖ్యకు 1988 నుంచి 2008 వరకు కాంగ్రెస్ నాయకుడు ప్రియరంజన్ దాస్‌మున్షీ అధ్యక్షుడు. ఆ తర్వాత 2022 వరకు ఎన్సీపీ నాయకుడు ప్రఫుల్ పటేల్. గడువు దాటినా ఎన్నికలు జరగకపోవడంతో 2022 మేలో సుప్రీంకోర్టు ఆ కార్యవర్గాన్ని తప్పించింది. బయటివారి జోక్యం పేరుతో అదే ఏడాది ఆగస్టులో ఫిఫా భారత్‌ను కొద్ది రోజులు సస్పెండ్ చేసింది. సెప్టెంబర్ 2న జరిగిన ఎన్నికలో బీజేపీ నాయకుడు, మాజీ గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే 33-1 ఓట్లతో భైచుంగ్ భూటియాను ఓడించారు. దేశం తరఫున ఆడిన అత్యుత్తముల్లో ఒకడికి ఓటర్ల జాబితాలో దక్కినది ఒక్క ఓటు. సమాఖ్య కొత్త నియమావళికి సుప్రీంకోర్టు ఆమోదం లభించింది 2025 సెప్టెంబర్‌లో. హిజ్లీ సంస్థకు 1956లోనే దొరికిన పునాది పత్రం లాంటిది ఫుట్‌బాల్‌కు దొరకడానికి మరో 69 ఏళ్లు పట్టింది, అదీ న్యాయస్థానం మెట్లెక్కాక.

ఈ లోపల కోచ్‌లు వస్తూ పోతూ ఉన్నారు. 2026 వరకు ఒప్పందం ఉన్న క్రొయేషియన్ ఇగోర్ స్టిమాచ్‌ను 2024 జూన్‌లో తొలగించారు. ఆయన స్థానంలో వచ్చిన స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కేజ్ 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్ఎల్ విజేతగా నిలిపినవాడు. భారత కోచ్‌గా ఆయన మొదటి మ్యాచ్ గచ్చిబౌలిలోనే జరిగింది. మారిషస్‌తో గోల్ లేకుండా ముగిసింది. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపుతో ఏడాదికే ఆయన వెళ్లిపోయారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థికంగా చితికి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కోచ్ పోయాడు, క్లబ్బూ పోయింది, మైదానం మిగిలింది.

ఖాలిద్ జమీల్ ఆరంభం ఆశ రేపింది. 2025 సెప్టెంబర్‌లో మధ్య ఆసియా దేశాల టోర్నీలో జట్టు ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం సాధించింది. అక్టోబర్ 14న మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్ అర్హత కోల్పోయింది. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడింది. వెంటనే మొదటి శిబిరం గొంతు పెంచింది, విదేశీయుడే కావాలని. కానీ ఆ నెలల్లో దేశపు అగ్రశ్రేణి లీగ్ ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియదు. వాణిజ్య హక్కుల ఒప్పందం ముగియవస్తుంటే కొత్తది కుదరలేదు. లీగ్ లేని దేశంలో ఏ దేశపు కోచ్ అయినా ఎవరిని ఎంపిక చేస్తాడు?

అభిమానులకు కోచ్ గురించి వాదించే హక్కు ఉంది. ఆ వాదనలోనే ఆటకు ప్రాణం ఉంది. అయితే ఓటరు ముఖ్యమంత్రి అభ్యర్థి పేరు ఒక్కటే అడిగి, పంచాయతీలో నిధుల లెక్క అడగకపోతే ఏమవుతుందో, అభిమాని కోచ్ పేరు ఒక్కటే అడిగితే అదే అవుతుంది. జిల్లా సంఘం చివరిసారి లీగ్ ఎప్పుడు నడిపింది? రాష్ట్ర సంఘంలో ఓటు ఎవరికి ఉంది? రైల్వేలో, పోలీసు శాఖలో క్రీడా కోటా కింద ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఈ ఏడాది ఎందరిని తీసుకున్నారు? ఒక కోచ్‌ను తీసేటప్పుడు, తీసినవారిని ఎవరు ప్రశ్నిస్తారు? ఈ ప్రశ్నలకు ఖరగ్‌పూర్‌లోనూ హైదరాబాద్‌లోనూ జవాబు దొరికిన రోజున, కోచ్ పుట్టిన దేశం ఏదైనా పెద్ద తేడా ఉండదు. అప్పటిదాకా వచ్చే ప్రతి కోచ్ ఇసుక మీద నిలబడి గోడ కడుతూనే ఉంటాడు, సమాఖ్య మరో ప్రకటన ఇస్తూనే ఉంటుంది.